గ్రాసమూ, పట్టమూ

విద్యార్థికి చదువు చెప్పువారు ఒకరు, అన్నము పెట్టువారు మరొకరు. ఈ రెండు పనులను రెండు వేరువేరు చేతులు చేయుట మన తెలుగునాట కొత్త సంగతి కాదు. శాస్త్రము చదువుకొను పేద పిల్లవాడు ఊరిలో ఏడు ఇండ్లలో ఏడు వారములు కుదుర్చుకొని, సోమవారము ఒక ఇంటను, మంగళవారము మరొక ఇంటను భోజనము చేసి, తక్కిన పొద్దంతయు గురువుగారి అరుగు మీద గడుపుచుండెడివాడు. పిమ్మట ఇంగ్లీషు చదువుల కోసము పట్టణములకు వచ్చిన పిల్లలును ఈ పద్ధతిని తమ వెంట తెచ్చుకొన్నారు. వారము పెట్టిన ఇల్లాలు ఆ పిల్లవాని పాఠము ఎంతవరకు వచ్చినదని లెక్క కట్టలేదు. విస్తరి వేయుట ఆమె పని. చదువు వాని పని.

నేడు విశ్వవిద్యాలయములలో పరిశోధక వేతనము, ఫెలోషిప్పు అను పేర్లతో వ్యవహరింపబడుచున్నది ఈ వారములకు దూరపు చుట్టమే. అయితే చదువవలసినది గ్రంథము కాక గాలి, నీరు, అడవి, ఎండ అయినప్పుడు సంగతి చిక్కుపడును. గ్రంథమును దీపము వెలుగున ఎప్పుడైనను చదువవచ్చును. వానను వాన వచ్చినప్పుడే చదువవలెను. సముద్రము వద్దకు ఓడ వేసుకొని పోవలెను. ఇన్ని ఏండ్లు శ్రమించి తెచ్చిన ఫలితమును బజారులో కొనువాడు కూడ ఉండడు. అట్టి చదువునకు ఎవరు, ఎందుకు, ఏ షరతుల మీద గ్రాసము ఏర్పరచినారు? పర్యావరణ శాస్త్రము అను పేరు ఇంకను వాడుకలోనికి రాకముందే ఆ శాస్త్రమును చదివిన కొందరి చరిత్రను ఆధారముగా చేసికొని ఈ ప్రశ్నను పరిశీలింపదలచినాము.

మొదట కొంత పూర్వరంగము. 1851లో లండను నగరమున జరిగిన మహా ప్రదర్శనము ముగిసిన పిదప నిర్వాహకుల చేతిలో 1,86,000 పౌనులు మిగిలినవి. ఆ సొమ్ము ఫలముగా 1891 నుండి శాస్త్ర పరిశోధనకు విద్యార్థి వేతనములు ఏర్పడినవి. న్యూజిలాండు నుండి రూథర్‌ఫర్డు కేంబ్రిడ్జికి పోయినది ఈ వేతనము మీదనే. మన దేశమున అంతకంటె ముందే, 1866లో, బొంబాయి ప్రత్తి వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ కలకత్తా విశ్వవిద్యాలయమునకు రెండు లక్షల రూపాయలు దానము చేసినాడు. అమెరికా అంతర్యుద్ధము వలన ప్రత్తి ధరలు ఆకాశమునంటిన రోజులలో గడించిన సొమ్ము అది. యుద్ధము ఆగగానే ధరలు పడి, వాటాల వ్యాపారము కూలి, దాత స్వయముగా దివాలా స్థితికి వచ్చినాడు. దానము మాత్రము నిలిచినది. ఆయన పేరిట వేతనము పొందిన వారిలో మేఘనాథ సాహా ఒకరు. ప్రదర్శనపు టిక్కెట్ల సొమ్ము, ప్రత్తి సట్టా లాభము: శాస్త్రమునకు గ్రాసము వచ్చిన దారులు ఇట్లుండినవి.

ఇక అసలు కథకు వత్తము.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పాలకవర్గమున సభ్యుడుగా నుండిన లీవై బార్బర్ అను న్యాయవాది ఆసియా ఖండమున పర్యటించినప్పుడు, తమ విశ్వవిద్యాలయములోనే వైద్యము చదివి స్వదేశమునకు తిరిగి వచ్చి సేవ చేయుచున్న స్త్రీలను చూచినాడు. ఆ స్ఫూర్తితో 1917లో తూర్పు దేశముల స్త్రీలకు మాత్రమే చెందునట్లు ఒక విద్యార్థి వేతనమును నెలకొల్పినాడు. 1920ల నడుమ ఆ వేతనము కేరళములోని తెల్లిచెర్రిలో 1897లో పుట్టిన ఒక అధ్యాపకురాలికి లభించినది. ఆమె పేరు ఇ. కె. జానకి అమ్మాళ్. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము చదివి, విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో పాఠములు చెప్పుచుండినారు. ఆ కాలమున ఆడపిల్లకు ఆ వయస్సున ఇంటివారు వెదకునది వరుని. జానకి అమ్మాళ్ గారు వెదకికొన్నది సూక్ష్మదర్శిని. మిషిగన్ నుండి మొదట ఎం.ఎస్‌సి. పట్టముతో తిరిగి వచ్చి, మరల పోయి, 1931లో డాక్టరేటు పొందినారు.

ఆమె పరిశోధన మొక్కల జీవకణములలోని క్రోమోజోముల మీద జరిగినది. దానికిని పరిసరములకును సంబంధమేమని అడుగవచ్చును. సంబంధము ముప్పది ఏండ్లకు బయటపడినది. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రమున పని చేసి, ఇంగ్లండు వెళ్ళి, 1945లో డార్లింగ్టన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల పట్టికను ప్రకటించిన పిమ్మట, స్వతంత్ర భారతమున వృక్షశాస్త్ర సర్వే సంస్థను పునర్నిర్మించుటకై నెహ్రూ ఆహ్వానము మీద ఆమె స్వదేశమునకు తిరిగి వచ్చినారు. 1955లో ప్రిన్స్‌టన్‌లో మానవుడు భూమి రూపమును ఎట్లు మార్చుచున్నాడను విషయము మీద ఒక పెద్ద సదస్సు జరిగినది. పర్యావరణ చింతనకు నేటికిని మూలస్తంభముగా ఎన్నబడు సభ అది. ఆహూతులైన డెబ్బదిమందికి పైచిలుకులో స్త్రీ ఆమె ఒక్కరే. భారతదేశపు జీవనాధార వ్యవసాయమును గురించి ఆమె అక్కడ ప్రసంగించినారు. ఎనుబది ఏండ్లు దాటిన పిమ్మట, కేరళములో కుంతీ నది మీద విద్యుత్తు కోసము కట్టదలచిన ఆనకట్ట వలన సైలెంట్ వేలీ అడవి మునిగిపోవునని తెలిసి, ఆ అడవి చెట్ల క్రోమోజోములను లెక్కించు పనికి పూనుకొన్నారు. 1984 ఫిబ్రవరిలో ఆమె మరణించినారు. ఆ సంవత్సరమే నవంబరులో ఆ అడవి జాతీయ వనముగా ప్రకటింపబడినది.

ఈ కథలో దాతకు ఏమి ముట్టినదని లెక్క వేసిన, బార్బర్ గారికి ముట్టినదేమియు లేదు. ఆయన 1925లోనే కన్నుమూసినాడు. కుంతీ నది పేరైనను విని యుండడు. ఆయన విధించినది ఒకే ఒక షరతు: తీసికొనువారు తూర్పు దేశపు స్త్రీలై యుండవలెను. ఏమి చదువవలెనో, చదివి ఎక్కడ ఉద్యోగము చేయవలెనో నిర్ణయింపలేదు. ఆ విషయమున ఆయన వారము పెట్టిన మన ఇల్లాండ్ర తెగకు చెందినవాడని మా భావము.

రెండవ కథలో గ్రాసము దొరికినది, పని జరిగినది, పట్టము మాత్రము రాలేదు.

అన్నా మణి 1918లో తిరువాన్కూరు సంస్థానమున పీరుమేడు అను కొండప్రాంతమున జన్మించినారు. సంపన్న కుటుంబము. ఎనిమిదవ పుట్టినరోజున ఇంటి ఆచారము ప్రకారము వజ్రపు చెవికమ్మలు బహూకరింపగా, అవి వద్దని, వాటికి మారుగా ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటములు కావలెనని ఆ చిన్నది పట్టుపట్టినదట. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయన శాస్త్రములలో ఆనర్సు పట్టము పొంది, 1940లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో పరిశోధనకు వేతనము సంపాదించినారు. టాటాల దానముతో 1909లో వెలసిన సంస్థ అది. అక్కడ భౌతికశాస్త్ర ఆచార్యులు సర్ సి. వి. రామన్.

రామన్ గారి ప్రయోగశాలలో ఆ రోజులలో వజ్రములే వజ్రములు. వజ్రమనగానే మనకు కృష్ణ ఒడ్డున కొల్లూరు గని స్ఫురణకు వచ్చును, రాజులు, కిరీటములు, దొంగతనములు స్ఫురణకు వచ్చును. రామన్ గారికి వజ్రము కాంతిని పరీక్షించు ఒక పలక. ఎనిమిదవ ఏట వజ్రములను వద్దన్న అమ్మాయి చేతికి ముప్పదికి పైగా వజ్రములు వచ్చినవి, చెవులకు పెట్టుకొనుటకు గాక, అవి కాంతిని ఎట్లు మ్రింగునో, ఎట్లు వెలిగ్రక్కునో ఫోటో పలక మీద నమోదు చేయుటకు. వజ్రమును ద్రవీకృత వాయువు చల్లదనమున ఉంచి, ఒక్కొక్క పలకకు పదిహేను, ఇరువది గంటల సేపు కాంతి సోకనీయవలెను. ఎన్నో రాత్రులు ఆమె ప్రయోగశాలలోనే నిద్రించినారు. 1942 మొదలు 1945 వరకు తన ఒక్కతె పేర అయిదు పరిశోధన వ్యాసములు ప్రకటించినారు. 1945 ఆగస్టులో డాక్టరేటు కొరకు సిద్ధాంత గ్రంథమును మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించినారు. బెంగుళూరు సంస్థకు అప్పటికి పట్టములిచ్చు అధికారము లేదు. అక్కడ జరిగిన పనికి పట్టమును మద్రాసు ఇచ్చు ఏర్పాటుండినది.

మద్రాసు వారి సమాధానము: అభ్యర్థినికి ఎం.ఎస్‌సి. లేదు గనుక పిహెచ్.డి. ఇచ్చుటకు వీలులేదు.

ఆమెకు ఆనర్సు పట్టము ఉన్నది. ఆ పట్టమును చూచియే పరిశోధనకు వేతనమిచ్చినారు. అయిదు వ్యాసములు అచ్చయినవి. ఇవేవియు లెక్కకు రాలేదు. నియమము నియమమే. గ్రాసమిచ్చు చేయి ఒకటి, పట్టమిచ్చు చేయి మరొకటి అయినప్పుడు ఒకరి అంగీకారము మరొకరికి ప్రమాణము కాదు. ఆ సిద్ధాంత గ్రంథము ఇప్పటికిని బెంగుళూరులో రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయమున, పట్టము పొందినవారి గ్రంథముల నడుమ, వాటివలెనే అట్టకట్టి ఉన్నది. పట్టము లేకపోవుట వలన తన జీవితమునకు కలిగిన లోటేమియు లేదని ఆమె పిమ్మట చెప్పుచుండెడివారు. ఆ మాట వారి ఔన్నత్యమునకు నిదర్శనము. నియమమునకు సమర్థనము కాదు.

అదే సంవత్సరము భారత ప్రభుత్వ వేతనము మీద ఆమె సైనికులను తీసికొనిపోవు ఓడలో ఇంగ్లండు బయలుదేరినారు. కోరినది భౌతికశాస్త్రము. ఖాళీ ఉన్నది వాతావరణ పరిశీలన పరికరముల శిక్షణలో. సరే యనినారు. 1948లో తిరిగి వచ్చి పూనాలో వాతావరణ శాఖలో చేరినప్పుడు, మన దేశమున ఉష్ణమాపకము మొదలు భారమాపకము వరకు పరికరములను విదేశముల నుండి తెప్పించుకొను స్థితి ఉండినది. వాటిని ఇక్కడనే తయారు చేయుటకు వారి విభాగము నడుము కట్టినది. దాదాపు నూరు రకముల పరికరములకు ప్రామాణికమైన నమూనా చిత్రములు గీయించి, తయారీ ఆరంభించినారు. 1953 నాటికి ఆ విభాగమునకు ఆమెయే అధిపతి. ఆమె క్రింద పని చేయువారు 121 మంది, అందరును పురుషులే. తప్పు కొలత కంటె అసలు కొలవకుండుటయే మేలని వారి పట్టుదల.

మా రేడియో శ్రోతలకు ఈ ఘట్టము పరాయిది కాదు. గరిష్ఠ ఉష్ణోగ్రత ఇంత, వర్షపాతము ఇంత అని మేము ప్రతిదినము చదువు అంకె వెనుక ఎక్కడనో ఒక వర్షమాపకము, ఒక ఉష్ణమాపకము ఉండును. విజయవాడలో ఉన్నదియు, జోధ్‌పూరులో ఉన్నదియు ఒకే తీరున కొలిచినప్పుడే ఆ రెండు అంకెలను పోల్చుటకు అర్థముండును. ఆ ఒకే తీరు దానంతట అది ఏర్పడలేదు.

1957, 58 సంవత్సరములలో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగినప్పుడు, దేశమంతట సూర్యకిరణ శక్తిని కొలుచు కేంద్రముల వరుసను ఆమె ఏర్పాటు చేయించినారు. పిమ్మట ఓజోనును కొలుచుటకు బెలూనుతో ఎగురు పరికరము మన దేశముననే తయారైనది. ఓజోను పొర పలుచబడుచున్నదని లోకము గగ్గోలు పెట్టినది 1985 తరువాత. మన వద్ద కొలతలు అంతకు ఎన్నో ఏండ్ల ముందు నుండియు ఉన్నవి. 1976లో ఉద్యోగ విరమణ చేసిన పిదపను ఆమె విశ్రమింపలేదు. భారతదేశపు సూర్యకాంతి లెక్కలతో 1980, 1981లలో రెండు పెద్ద గ్రంథములు తెచ్చి, ఆ పైన గాలి వేగముల సర్వేకు పూనుకొన్నారు. నేడు సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు అని ఎక్కడ చూచినను వినబడుచున్నది గదా. ఆ పనులకు పునాది లెక్కలు వేసినవారిలో డాక్టరేటు లేని ఈ విదుషీమణి అగ్రగణ్యురాలు. 2001 ఆగస్టులో తిరువనంతపురమున ఆమె కీర్తిశేషులైనారు.

ఇక మన సముద్రము మాట.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినప్పుడు అమెరికా సైన్యపు సామగ్రి ఎన్నో దేశములలో గుట్టలుగా మిగిలిపోయినది. దానిని అక్కడనే అమ్మి, ఆ డబ్బుతో విద్యార్థులను, ఆచార్యులను ఒక దేశము నుండి మరొక దేశమునకు పంపవలెనని సెనేటరు ఫుల్‌బ్రైటు ప్రతిపాదింపగా 1946లో చట్టమైనది. మన దేశముతో ఒడంబడిక 1950 ఫిబ్రవరిలో జరిగినది. ఆ పథకము క్రింద 1952లో శాన్ డియాగో నౌకాదళ ప్రయోగశాల నుండి యూజీన్ లఫాండ్ అను సముద్ర శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చినాడు. విశ్వవిద్యాలయము కొండ మీద, సముద్రము కొండ క్రింద. అంతకు ముందును విద్యార్థులు ఆ సముద్రమును కిటికీలో నుండి చూచుచునే ఉండిరి. ఇప్పుడు భారత నౌకాదళపు ఓడలెక్కి దాని లోపలికి పోవ మొదలిడినారు.

వారు వెంట తీసికొనిపోయిన సాధనములలో ఒకటి సొరచేప పిల్లను పోలిన లోహపు గొట్టము. దానిని త్రాటికి కట్టి నీటిలోనికి విడిచిన, దిగిన కొలదియు లోపలి సన్నని ముల్లు పూత పూసిన చిన్న గాజు పలక మీద ఒక గీత గీయును. ఎంత లోతున ఎంత చల్లదనము ఉన్నదో ఆ గీత చెప్పును. ఇట్టి గీతలను వందలుగా పోగుచేసి పోల్చి చూడగా ఒక సంగతి తేలినది. నైరుతి దిక్కు నుండి గాలి తీరము వెంబడి వీచునప్పుడు, భూభ్రమణము వలన పైనీరు గాలి దిశకు కుడి ప్రక్కకు, అనగా తీరము నుండి దూరముగా, జరిగిపోవును. ఆ ఖాళీని పూరించుటకు అడుగున ఉన్న చల్లని నీరు పైకి ఉబుకును. అడుగు నీటిలో సారము మెండు. దానితో సూక్ష్మజీవులు పెరుగును, వాటి కొరకు చేపలు వచ్చును. చేపలు ఏ కాలమున ఎక్కడ పడునో మన జాలరులకు తరతరములుగా తెలిసిన విషయమే. ఎందుకు పడునో ఇప్పుడు తెలిసినది.

ఆ సర్వేలలోనే మన తూర్పు తీరమునకు ఎదురుగా, ఖండపు అంచు దిగిపోవుచోట, సముద్రగర్భమున లోతైన లోయలు కనిపించినవి. వాటికి ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టినారు. మహాదేవన్ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర ఆచార్యులు. సముద్రము అడుగున తెలుగుదేశపు పేరు పెట్టుకొన్న లోయ ఒకటి ఉన్నదని మన బడిపిల్లలలో ఎందరికి తెలియునో గాని, దానిని పాఠ్యపుస్తకములలో ఒక వాక్యముగా నైనను చేర్చదగునని మా అభిప్రాయము. 1960ల తొలి భాగమున హిందూమహాసముద్రపు అంతర్జాతీయ పరిశోధన యాత్ర సాగినప్పుడును, 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడినప్పుడును ఈ విద్య నేర్చినవారు దేశమునకు అవసరమైనారు. వాల్తేరు అట్టివారిని ముందుగానే సిద్ధము చేసి ఉంచినది.

అంతవరకు గ్రాసము వర్తకుల దయ, న్యాయవాదుల ఔదార్యము, యుద్ధపు మిగులు. స్వాతంత్ర్యము తరువాత అది క్రమముగా ప్రభుత్వపు బాధ్యత అయినది. శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి 1942లో పుట్టినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 1956లో చట్టబద్ధమైనది. 1984 నుండి జూనియరు ఫెలోషిప్పులకు జాతీయ స్థాయి పరీక్ష ఏర్పడినది. కేంద్రమున పర్యావరణమునకు ప్రత్యేక శాఖ 1980లో వచ్చినది. నేడు పర్యావరణ శాస్త్రము ఆ జాతీయ పరీక్షలో ఒక పాఠ్యవిషయము. భూమి, వాతావరణ, సముద్ర శాస్త్రములకును ప్రత్యేకముగా చోటున్నది. ఎవరి సిఫారసును లేకుండ శ్రీకాకుళపు పల్లె నుండి వచ్చిన అమ్మాయియైనను, పాలమూరు నుండి వచ్చిన అబ్బాయియైనను పరీక్ష వ్రాసి ఈ వేతనమును హక్కుగా పొందవచ్చును. ఇది సామాన్యమైన మార్పు కాదు.

వేతనము మొత్తము మాట. 2019 జనవరి నుండి నెలకు 31,000 రూపాయలుగా ఉండిన జూనియరు వేతనము 2023 జనవరి 1 నుండి 37,000 అయినది. మొదటి రెండేండ్ల తరువాత లభించు సీనియరు వేతనము 42,000. ఈ పెంపుదలలు ఊరక రాలేదు. 2018, 19లలో పరిశోధక విద్యార్థులు వీధులకెక్కవలసి వచ్చినది. వారము పెట్టు ఇల్లాలి వద్ద పిల్లవాడు విస్తరి ముందు కూర్చున్న పిదప అన్నము ఆలస్యము కాదు. ప్రభుత్వపు వేతనము కొన్ని వేళల నెలల తరబడి ఆలస్యమగుచుండుట పత్రికలు చదువువారికి తెలిసినదే.

నియమములును మారినవి. బెంగుళూరు సంస్థకు 1958లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించి, గ్రాసమును పట్టమును ఒకే చేతి నుండి వచ్చు వీలు కలిగినది. 2022 నవంబరులో వెలువడిన నిబంధనల ప్రకారము, నాలుగేండ్ల డిగ్రీలో నూటికి 75 మార్కులు సంపాదించినవారు ఎం.ఎస్‌సి. లేకుండగనే పిహెచ్.డి.లో చేరవచ్చును. అన్నా మణి గారికి అడ్డువచ్చిన ఎం.ఎస్‌సి. నియమము ఈ విధముగా సడలుటకు 77 ఏండ్లు పట్టినది. స్త్రీలకు పరిశోధన కాలములో 240 దినముల ప్రసూతి సెలవును అవే నిబంధనలలో ఉన్నది. జానకి అమ్మాళ్ గారు గాని, అన్నా మణి గారు గాని పెండ్లి చేసికొనలేదు. చదువా, సంసారమా అని ఆ తరము స్త్రీలు తేల్చుకొనవలసి వచ్చినది.

మారనిది ఒకటి ఉన్నది. ఫెలోషిప్పు గడువు అయిదేండ్లు. పరిశోధకురాలు చేరిన మొదటి ఏడు పాఠములకు, పరీక్షలకు సరిపోవును. చివరి ఏడు గ్రంథము వ్రాయుటకు పోవును. ఆమె చదువునది చెరువుల నీటిని గురించియైన, నడుమ చిక్కునవి మూడు వానకాలములు. అందులో ఒకటి కరవు సంవత్సరమైన రెండే. కొల్లేటి మీదనో, మంజీర మీదనో వానల తీరు చెప్పుటకు రెండు వానకాలములు చాలవు. పూనాలో అన్నా మణి గారి పరికరములు కొలిచినది ఇరువది, ముప్పది ఏండ్ల వానలను, ఎండలను. ఆ కొలతలు శాఖ ఉద్యోగులు చేసినారు గనుక నిలిచినవి. ఒక విద్యార్థి గ్రాసము ముగిసిన నాటి నుండి అదే గట్టు మీద అదే గొట్టముతో కొలుచుటకు మరొక విద్యార్థి వచ్చునట్లు ఏర్పాటు మన విశ్వవిద్యాలయములలో ఇంకను అరుదు.